బరువు దిక్కు

హామ్లా నాయక్ ఇంజన్ ట్రాలీ దిగినప్పుడు
పునాది బోల్టులు కూడ దానికే అంటుకొని వచ్చినయి,
సిమెంటు పెళ్లలతో సహా,
వేర్లతోని పీకిన కందికట్టె లెక్క.

"మూడుసార్లు పోసిన సిమెంటు.
మూడుసార్లూ ఎగిరిపడ్డది.
పల్లికాయ మిషన్ తిరిగితె
పక్కింటోళ్ల గిన్నెలు రాలుతున్నయి.
తండా మొత్తం నా మీదికొస్తున్నది."

దస్తగీర్ మిస్త్రీ ఇంజన్ దిక్కు చూడలే.
చక్రాల దిక్కు చూసిండు.
ఒకదాన్ని గోరుతో గీకితె రంగు కింద రంగు.
రెండోదాన్ని గీకితె రంగు కింద తుప్పు.
"ఇవి రెండూ ఒక్క భట్టీల పుట్టినయి కావు."

కరువుల ఒక చక్రాన్ని
కిలోల లెక్కన పాతసామాన్లోనికి అమ్ముకున్నడట.
వానలు పడ్డంక పట్నం పోయి
జుమ్మేరాత్ బజార్ల ఇంకోటి ఏరుకొచ్చిండు.
అంతే ఎత్తు, అంతే బొక్క, అంతే చావిగాడి.
అన్నీ కొలిచే తెచ్చిండు.
కడుపుల బరువు ఏ దిక్కున్నదో
టేపుకెట్ల తెలుస్తది?

పాత చక్రంల ఆకుల నడుమ
సగం చంద్రుడంత ఇనుపముద్ద పోసి ఉన్నది.
పిస్టన్ ఒక దిక్కు గుంజితె
అది ఇంకో దిక్కు గుంజాలె.
కొత్తది ఖాళీ.
గుండ్రంగ, నున్నగ, ఎవరి దిక్కూ లేకుండ.

"నున్నగున్నదని తెచ్చుకున్న" అన్నడు హామ్లా.
"గదే దాని రోగం."

కల్వకుర్తిల ఆ పగటీలి ఎండకు
షెడ్డు రేకులు టపటపమంటున్నయి.
రెండు రైలుపట్టా ముక్కలు పరిచి
నీళ్లపైపుతో మట్టం చూసినం.
పిస్టన్‌ను తూకమేసి
దాంట్ల సగం బరువు క్రాంకు పిన్నుకు కట్టినం.
సగమే ఎందుకని అడిగిన.
"మొత్తం తూస్తె నిలువు వణుకు పోతది ఉశెనూ,
అడ్డం వణుకు పుడుతది.
ఒక్క సిలిండరుకు పూర తూకం రాసిపెట్టి లేదు.
ఎంత వణుకు భూమికి ఇడువాలె,
ఎంత ఇనుము మొయ్యాలె,
గంతే మన పని."

షాఫ్టును పట్టాల మీద ఎక్కించి వదిలేసినం.
మడుగుల దిగిన బర్రె లెక్క
అటు ఒత్తిగిలి ఇటు ఒత్తిగిలి
ఆఖరికి ఒక్కతాన ఆగింది.
కిందికొచ్చిన అంచు మీద సుద్దగీత గీసిన.
నాకు పదారేండ్లు.
బరువుకు దిక్కుంటదని అప్పటిదాంక తెల్వది,
బరువంటె మోసేదే అనుకున్న.

ట్రాలీ టైర్లకంటిన రేగడిని గోకి, తడిపి,
పై అంచుకు ముద్ద అంటించిన.
ఇంకింత. ఇంకింత. తియ్యి కొంచెం.
బొటనేలంత తియ్యి.
పొద్దు వాలినంక చక్రం
ఎక్కడ వదిలితె అక్కడ్నే నిలబడ్డది.
అట్ల నిలబడ్డదాన్ని చూస్తె భయమైంది,
ఎవరో చెయ్యి పెట్టి పట్టుకున్నట్టు.

ముద్దను కిరాణం తరాజుల వేస్తె
"పప్పు తూసే పళ్లెంల మట్టేందిరా" అని సత్తెమ్మ తిట్టింది.
తిట్టుకుంటనే తూసింది:
రెండు కిలోల మున్నూట యాభై.
అంత సీసం కరిగించి, అచ్చు పోసి,
మట్టి ఉన్నతాన్నే మూడు బోల్టులు బిగించినం.

తెల్లారి ఇంజన్ను ఉత్త చెక్కల మీద పెట్టి తిప్పినం.
డీజిల్ టాంకు మూత మీద
మిస్త్రీ ఒక పల్లిగింజ పెట్టిండు.
గింజ వణికింది. జరిగింది. అంచుదాంక పోయింది.
పడలే.

"ఇంకా కదుల్తున్నది గదా" అన్నడు హామ్లా.
"కదలకపోతె అది ఇంజన్ కాదు, బండ."
హామ్లా ఆ గింజ తీసి నోట్లేసుకున్నడు.
సగం పైసలిచ్చిండు,
మిగిలినయి పంటకన్నడు.

రేగడిముద్ద ఇంకా నా షెడ్డుల గూట్లె ఉన్నది,
నా ఏళ్ల గుర్తులతోని.
మొన్న ఊకెనె తూసిన.
రెండు కిలోలు కూడ లేదు.
ఎండిపోయిన తడంత
ఏదో తండాల సీసమై తిరుగుతున్నది.